నేతగాని ఇంటి విందు

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చదివిన ప్రసంగము)



మేము భార్యాభర్తలము. వేదికపై నిలిచి మాటాడునది ఒక్కరే యైనను, ఈ మాటలు ఇద్దరివి. ఇద్దరమును ఈ సోలాపురమున పద్మశాలీల ఇండ్లలో మగ్గపు చప్పుడు వినుచు పెరిగినవారము. తెలుగు బడిలో ఓనమాలు దిద్దినవారము. "విదేశములలో చూచిన విశేషములు చెప్పుడు" అని కార్యదర్శిగారు కోరిరి. మేము గొప్ప యాత్రికులము కాము. 2008 మొదలు 2011 వరకు ఇథియోపియా దేశపు రాజధాని యగు అడిస్ అబాబాలో ఉపాధ్యాయ వృత్తిలో నుంటిమి. అంతకు మించిన విదేశయాత్ర మాకు లేదు. కావున రాజభవనములను గాని, జలపాతములను గాని వర్ణింపబోము. ఒక సామాన్య నేతగాని ఇంట తిన్న ఒక పూట భోజనమును గూర్చి చెప్పెదము. ఆ భోజనము మా కడుపు నింపెను. దానితోపాటు మా ఇంటిలోని ఒక లోటును మాకు చూపెను. అట్టి లోటు మీలో కొందరి ఇండ్లలోను ఉండవచ్చునని తోచి, దాచక చెప్పుచున్నాము.

అడిస్ అబాబా అనగా అక్కడి అమ్హారిక్ భాషలో "క్రొత్త పువ్వు" అని అర్థము. 1886లో వెలసిన నగరము. సముద్రమట్టమునకు సుమారు 2,400 మీటర్ల ఎత్తున నుండుటచే, భూమధ్యరేఖకు దాపుననే యున్నను, సాయంకాలమైనచో శాలువ కప్పుకొనవలసినదే. నగరమునకు ఉత్తరమున ఎంటోటో కొండ పాదమున షిరో మేడా అను పేట కలదు. వారి భాషలో "మేడా" యనగా మైదానము. మన భాషలో అంతస్తుల ఇల్లు. ఆ పేటలో దోర్జె అను తెగకు చెందిన నేతవారు పెక్కుమంది కలరు. వారి స్వస్థలము రాజధానికి దక్షిణమున, సుమారు 500 కిలోమీటర్ల దూరమున నున్న గామో కొండలు. బ్రతుకుతెరువు కొరకు రాజధానికి వలస వచ్చి, అక్కడనే స్థిరపడినారు. మన పెద్దలు మగ్గమును నమ్ముకొని తెలుగునాడు విడిచి సోలాపురము చేరినట్లే యని తలపుడు.

మేము ఆ దేశమునకు చేరిన నాలుగవ మాసమున ఒకనాటి మధ్యాహ్నము ఆ పేటలో నడచుచుండగా, ఒక ఇంటినుండి మాకు తెలిసిన చప్పుడు వినవచ్చెను. అది నేలలో గుంత త్రవ్వి, అందు కాళ్ళు జారవిడిచి నేసెడి మగ్గము. మా తాతగారి ఇంటిలో నుండినదియు అట్టిదే. మరమగ్గములు వచ్చిన పిమ్మట ఆ చప్పుడు మా వీథినుండి పోయెను. వేలమైళ్ళ దూరమున అది మరల చెవిని పడగానే మా కాళ్ళు ముందునకు సాగలేదు. వాకిట నిలిచి లోపలికి చూచితిమి. తెల్లని నూలు పడుగు; అంచున మాత్రము ఎరుపు, ఆకుపచ్చ దారములు. ఆ బట్టను వారు నెతెల అందురు. స్త్రీలు భుజములపై కప్పుకొనెడి పలుచని వస్త్రము. దోర్జెవారిలో పురుషులు నేయుదురు. స్త్రీలు చేతి కదురుతో నూలు వడుకుదురు.

పని నిలిపి, ఇంటివారందరు ఒక్క పళ్లెము చుట్టు కూర్చుండి భోజనమునకు చేయి చాచుచున్న సమయమది. మమ్ము చూచి ఆ గృహస్థుడు "ఎన్‌బ్లా" అనెను. పిలుచుచున్నాడని గ్రహించి, చేతులు జోడించి "ఇప్పుడు కాదు" అని సైగ చేసితిమి. ఇంగ్లీషు కొంత నేర్చిన ఆయన పెద్దకుమారుడు మాకు అర్థము చెప్పెను. ఆ దేశమున భోజనవేళ ఎవరు కంటబడినను ఆ మాట అనక తినరాదట. దానికి "మీరు తినుడు" అని గాక, "మనము తిందము" అని అర్థమట. పరిచయము లేని మమ్ము ఆ యింటి యజమాని ఒక్క క్రియాపదముతో తన "మనము"లో చేర్చుకొనెను.

మేమును నేతవారి బిడ్డలమేయని తెలిసిన పిమ్మట ఆయన మమ్ము విడువలేదు. "వచ్చు ఆదివారము ఆరు గంటలకు మీ బిడ్డతో రండు" అని కుమారునిచే చెప్పించెను. మేము మాంసము తినమని చెప్పితిమి. ఆయన నవ్వి తల యూపెను.

ఆదివారము సాయంకాలము సరిగా ఆరు గంటలకు, తొమ్మిదేండ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకొని, పండ్లు తీసికొని వెళ్ళితిమి. ఇంటిలో ఏదియో స్తబ్ధత కనబడెను. పిల్లలు గోడకు జారగిలి యుండిరి. మూలను కూర్చున్న ముదుసలి తల్లి మాత్రము మమ్ము చూడగానే లేచి వచ్చి, చెక్కిళ్ళు తాకించి ముద్దాడెను. కొంతసేపటికి సంగతి తెలిసినది. ఆ దేశస్థులు గంటలను సూర్యోదయమునుండి లెక్కింతురు. భూమధ్యరేఖకు దాపు గనుక ఏడాది పొడవున పగలు రాత్రి దాదాపు సమానము. ప్రొద్దు పొడిచిన గంటకు ఒంటిగంట, నడిమి మధ్యాహ్నమునకు ఆరు గంటలు. మన పంచాంగములలో సూర్యోదయము మొదలుకొని ఘడియలు లెక్కించుట మేమెరుగనిది కాదు. అయినను చేతి గడియారమునే నమ్మితిమి. ఆ ఇల్లంతయు మధ్యాహ్నమునుండి, ఆరు గంటలకాలము, మా కొరకు ఆకలితో వేచియుండెను.

మేము సిగ్గుతో క్షమింపుడని వేడుకొంటిమి. ఆ ముదుసలి తల్లిని అందరును "ఎమామా" అని పిలుచుచుండిరి. మనము అవ్వా యని పిలిచినట్లు. ఆమె చెప్పిన మాటను మనుమడు మాకు వినిపించెను: "అతిథి రాకముందు బుట్ట మూత తీసినచో, అతిథికి పెట్టునది విందు కాదు, మిగులు." ఆ ఒక్క మాటతో ఆ ప్రసంగము ముగిసెను. మరల ఆ యింట నెవ్వరును దానిని ఎత్తలేదు.

ఇక భోజనమును గూర్చి చెప్పెదము. ముందుగా ఆ యింటి చిన్న పిల్లవాడు చెంబుతో నీళ్ళు, పళ్ళెము తెచ్చి, పెద్దవారినుండి వరుసగా అందరి చేతులపై నీళ్ళు పోసెను. గడ్డితో అల్లిన, నడుమెత్తు పీటవంటి బుట్టను నడుమ నుంచిరి. దానికి మెసొబ్ అని పేరు. గోపురమువంటి మూత తీయగా లోపల వెడల్పైన ఇంజెరా కనబడెను. తెఫ్ అను ధాన్యపు పిండిని రెండు మూడు దినములు పులియబెట్టి, పెద్ద పెనముపై ఒక్క ప్రక్కనే కాల్చెడి అట్టు అది. మన దోసెకు దూరపు చుట్టమనవచ్చును. అయితే మెత్తనిది, పులుపు హెచ్చు, పైన లెక్కలేనన్ని కన్నులు. తెఫ్ గింజ ఆవగింజకన్న చాల చిన్నది. ఇంజెరాయే పళ్లెము, ఇంజెరాయే అన్నము. దానిపై ఎర్రపప్పు, పచ్చని బఠాణీ పప్పు, ఆకుకూర, క్యాబేజీ బంగాళాదుంపల కూర, సెనగపిండితో చేసిన షిరో అను పులుసు, కుప్పలు కుప్పలుగా వడ్డించిరి.

ఇందొక విశేషము కలదు. ఆ దేశపు ప్రాచీన క్రైస్తవ సంఘమువారు బుధ, శుక్రవారములందు మాంసము, పాలు, వెన్న, గ్రుడ్లు ముట్టరు. ఈస్టరు పండుగకు ముందు 55 దినములు అదే నియమము. ఆదివారము ఉపవాస దినము కాదు. అతిథి వచ్చిన ఆదివారము కోడికూర వండుట వారి మర్యాద. అయినను మాకు మాంసము నిషిద్ధమని విని, ఉపవాసపు వంటయే వండి, ఇంటిల్లిపాదియు దానినే తినిరి. మా కొరకు వేరు పళ్లెము పెట్టి, తాము వేరుగా తినుట సులభమే. అట్లు చేయక మా కొరకై ఆదివారమును శుక్రవారముగా చేసికొనిరి.

మాకు మాత్రము లోలోపల ఒక జంకు కలిగెను. ఒక్క పళ్లెమున పదిమంది చేతులు! మనకు చిన్ననాటనే నూరిపోసిన మాట "ఎంగిలి". తన ఎదుటి భాగమునుండియే తినుట వారి నియమమని చూచి కొంత కుదుటబడితిమి. ఇంతలో ఎమామా ఇంజెరా ముక్కలో పప్పు చుట్టి, చేతితో మా అమ్మాయి నోటి దగ్గరకు తెచ్చెను. దానిని గుర్షా అందురు. ప్రియమైనవారికి, పెద్దలకు, అతిథులకు స్వహస్తముతో ముద్ద పెట్టుట వారి ఆచారము. ముద్ద ఎంత పెద్దదైన అంత ప్రేమ. ఒక్కదానితో ఆపరాదు. మేము ఆలోచించుకొనుచుండగనే అమ్మాయి నోరు తెరచెను. గోరుముద్దలు తిన్న బిడ్డకు అందు వింతయేమి? తరువాతి ముద్ద మాకు వచ్చెను. మేమును నోరు తెరచితిమి. మా జంకు ఆ ముద్దతోనే దిగిపోయెను.

ఇంతవరకు మేము సుఖముగా నుంటిమి.

ముద్దలు పెట్టుచునే ఎమామా మా అమ్మాయిని ప్రశ్నింపసాగెను. నీళ్ళపాత్ర చూపి, తమ దోర్జె మాట చెప్పి, "మీ భాషలో దీనిని ఏమందురు?" అని మనుమనిచే అడిగించెను. అమ్మాయి "వాటర్" అనెను. మనుమడు నవ్వి, "అది ఇంగ్లీషు, నాకును తెలియును" అనెను. అమ్మాయి "పాణీ" అనెను. ఉప్పు చూపగా "మీఠ్" అనెను. మరాఠీ పలుకులు అతనికి తెలియవు గనుక అవియే మా భాష యని తలచి అవ్వకు చెప్పెను. ఆమె వానిని పలికి చూచి, బిడ్డ తల నిమిరి, మరియొక ప్రశ్న వేసెను: "ఇవి మీ అమ్మ చెప్పిన మాటలా, వీథిలో నేర్చిన మాటలా?"

అమ్మాయి మా ముఖము చూచెను. అబద్ధమాడుట దానికి రాదు. "వీథిలోవి" అనెను.

సభాసదులారా, మరాఠీ మనకు పరాయిది కాదు. మన పెద్దలకు పని యిచ్చి, మనకు నిలువనీడ యిచ్చిన నేల మాట అది. దానిని చక్కగా నేర్వని తెలుగుబిడ్డ ఈ ఊరిలో సగము బ్రతుకే బ్రతుకును. తప్పు ఆ భాషది కాదు, మాది. మేము తెలుగు బడిలో చదివియు, మా అమ్మాయిని ఇంగ్లీషు బడికి పంపితిమి. బడికి సాయమగునని ఇంటిలో దానితో ఇంగ్లీషు, మరాఠీ కలిపి మాటాడితిమి. మేమిద్దరము మాటాడుకొనునది తెలుగు. బిడ్డతో మాటాడునది వేరు. అది మన మాట వినును, అర్థము చేసికొనును, నోట పలుకదు. నాయనమ్మ తెలుగున అడిగిన దానికి మరాఠీలో బదులు చెప్పును. దానిని లోటని మేమెన్నడును తలపలేదు. పరాయిదేశమున, పరాయి పళ్లెము ఎదుట కూర్చుండగా తెలిసినది.

తల్లి మెల్లగా "నీళ్ళు" అని చెప్పెను. అమ్మాయి "నీళ్ళు" అనెను. ఎమామాయు "నీళ్ళు" అనెను. తరువాత ఉప్పు, పప్పు, చేయి, ముద్ద. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క గుర్షా. గృహస్థుడు ఉత్సాహముతో మమ్ము మగ్గము దగ్గరకు పిలిచి, తన పనిముట్లు చూపి మా మాటలడిగెను. పడుగు, పేక, నాడె, కండె — నాయనమ్మ నోట విన్న మాటలు ఒక్కొక్కటే జ్ఞప్తికి వచ్చినవి. తరువాత ఆయన చూపిన రెండు మూడు సామానులకు మాకును పేర్లు తోచలేదు. నేతవారి బిడ్డలము, తలలు వంచుకొంటిమి. బిడ్డను మాత్రమే తప్పుపట్టుటకు వీలులేకపోయెను.

భోజనానంతరము కాఫీ. అరబికా కాఫీకి పుట్టినిల్లు ఇథియోపియా అడవులే. నేలపై పచ్చగడ్డి పరచి, కోడలు పచ్చి గింజలను కడిగి, మా ఎదుటనే వేయించి, ఆ పొగను అందరి ముఖములవైపు విసరి వాసన చూపెను. దంచి, మట్టి కూజాలో కాచి, పిడిలేని చిన్న గిన్నెలలో పోసెను. ఒకే పొడిపై నీళ్ళు పోసి మూడు మారులు కాతురు: అబోల్, తోనా, బెరెకా. మూడవది దీవెన, దానిని త్రాగక లేచిపోరాదు. ఇదంతయు ముగియుటకు గంటకు పైగా పట్టును. ఆ గంట మాటల కొరకే.

ఆ గంటలో గృహస్థుడు తమ కథ చెప్పెను. పిల్లలు బడిలో చదువునది అమ్హారిక్. గోడపై వారి అక్షరముల పటము వ్రేలాడుచుండెను: 33 మూలాక్షరములు, ఒక్కొక్కదానికి ఏడు రూపములు, మన గుణింతమును చూచినట్లుండెను. "వీథిలో అమ్హారిక్ లేనిదే నా బట్ట అమ్ముడుపోదు. ఇంటిలో మా మాట లేనిదే నా తల్లితో నా బిడ్డలు మాటాడలేరు. అందుచే ఈ గడప లోపల దోర్జె మాటయే" అనెను.

ఆ దేశమున భాష చిన్న సంగతి కాదు. 1994 నాటి విద్యావిధానము ప్రాథమిక విద్యను మాతృభాషలలో నేర్పుటకు దారి తీసెను. 1995లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అన్ని భాషలకు సమాన గుర్తింపు నొసగెను. అయినను కొద్ది యేండ్లకే దక్షిణ ప్రాంతమున వొలాయితా, గామో, గోఫా, దావ్రో అను నాలుగు సోదరభాషలను కలిపి, "వొగగోడా" అను కృత్రిమ భాషలో పాఠ్యపుస్తకములు తెచ్చిరి. 1999లో వొలాయితా ప్రజలు తీవ్రముగా ఎదిరించిరి, ప్రాణములు కూడ పోయినవి, పుస్తకములు ఉపసంహరింపబడినవి. ఎంత దగ్గరిదైనను, ఎవరింటను ఎవరును మాటాడని భాషను బిడ్డల నోట పెట్టుట సాధ్యము కాలేదు.

మన దేశమునను 1956 నాటి ఏడవ సవరణచే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధియని అది చెప్పుచున్నది. అది మనకు గొప్ప అండ. కాని చట్టము బడి తలుపు తెరువగలదే గాని, మన భోజనముల వేళ వచ్చి బిడ్డచేత "నీళ్ళు" అనిపింపలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చిన పిమ్మట ఒక నియమము చేసికొంటిమి. రాత్రి భోజనము తెలుగున. కంచము ముందు కూర్చున్నది మొదలు చేయి కడుగుకొను వరకు ముగ్గురమును వేరు మాట ఆడరాదు. మొదటి వారము అమ్మాయి మౌనముగా తినెను. రెండవ వారము "ఉప్పు" అని అడిగెను. తరువాత కోపము వచ్చినప్పుడు కూడ తెలుగుననే కసరసాగెను. అది మాకు పెద్ద సంతోషము.

రెండు మాసములకు ఆ కుటుంబమును మా ఇంటికి పిలిచితిమి. ఈ మారు గంటను గూర్చి రెండు లెక్కలలోను చెప్పి పంపితిమి. సోలాపురపు భోజనమే పెట్టితిమి: జొన్నరొట్టె, వంకాయకూర, పప్పు, ఇక్కడనుండి తెచ్చుకొన్న శేంగా చట్నీ. గృహస్థుడు రొట్టె విరిచి వాసన చూచి, "ఇది మా మషిలా గదా!" అనెను. నిజమే. జొన్న, రాగి రెండును ఆఫ్రికాలో తొలుత సాగయి, వేలయేండ్ల క్రిందట మన దేశమునకు వచ్చిన ధాన్యములే. చట్నీలోని వేరుసెనగ, మిరప అమెరికా ఖండములనుండి వచ్చినవి. మన సొంతమని ఆయనకు వడ్డించిన కంచమున ఇన్ని అతిథులు! అన్నిటిని చేర్చుకొని, అన్నిటికి మన మాటలో పేరు పెట్టి, మన పూర్వులు వానిని ఇంటివానిగా చేసికొనిరి. పరాయిదానిని చేర్చుకొనుట వలన మనది చెడిపోలేదు.

ఆనాడు అతిథుల చేతులపై నీళ్ళు పోసినది మా అమ్మాయియే. ఒక్కొక్కటి వడ్డించుచు "ఇది రొట్టె, ఇది పప్పు, ఇది ఉప్పు" అని చెప్పెను. అందరును కూర్చున్న పిదప మేము నేర్పని మాట ఒకటి తానే అనెను: "రండి, తిందాము." అది "ఎన్‌బ్లా"కు మన తెలుగు. మన భాషలో "మేము" వేరు, "మనము" వేరు. ఎదుటివానిని విడిచినది మేము. ఎదుటివానిని కలుపుకొన్నది మనము. ఆ తేడాను బిడ్డ ఏ వ్యాకరణమునను చదువలేదు. పళ్లెము దగ్గర తెలిసికొన్నది. ఎమామా దానికి ఒక పెద్ద గుర్షా పెట్టెను. వంకాయకూర కారమునకు ఇద్దరి కండ్లలోను నీళ్ళు తిరిగినవి.

2011లో మేము తిరిగి వచ్చునపుడు ఆ గృహస్థుడు తాను నేసిన నెతెల నొకదానిని ఇచ్చెను. అది నేటికిని మా ఇంట కలదు. అమ్మాయి పెద్దదై, ఉద్యోగరీత్యా వేరొక ఊర నున్నది. నాయనమ్మతో ఫోనులో ధారాళముగా తెలుగు మాటాడును. కాని దాచక చెప్పవలెను: అది తెలుగు చదువుట నేటికిని అక్షరము కూడబలుకుకొనియే. మాట ఇంటిలో తిరిగి దొరికినది. చదువు బడిలో దొరకవలసిన ఈడున దొరకలేదు. ఆ నష్టమును మేము తీర్చలేకపోతిమి. మీ బిడ్డలకు ఈ బడి యున్నది.

కావున తల్లిదండ్రులకు మా మనవి మూడే మాటలు. బిడ్డను ఈ బడిలో చేర్చి, ఇక మా పని తీరినదని తలపకుడు. రోజునకు ఒక పూట భోజనమైనను తెలుగున సాగింపుడు. ఇంటిలోని వస్తువుల పేర్లు, మన వృత్తుల పనిముట్ల పేర్లు, మీకు మరపునకు రాకముందే అవ్వలను తాతలను అడిగి బిడ్డలకు చెప్పుడు. మూడవది, మీ వీథిలోని మరాఠీ, కన్నడ, ఉర్దూ ఇండ్లవారిని ఒకనాడు భోజనమునకు పిలువుడు; వడ్డన మీ బిడ్డలచేత చేయింపుడు; వారి మాటలు మీ బిడ్డలు నేర్తురు గాక, మీ మాటలు వారికి చెప్పుదురు గాక. తన మాటలు కలిగిన బిడ్డయే ఎదుటివానికి వానిని వడ్డింపగలదు.

సభ ముగిసిన పిమ్మట పాఠశాలవారు ఫలాహారము ఏర్పాటు చేసిరని వింటిమి. మీకును ఆకలి వేళ యగుచున్నది. రండు, మనము తిందము.